హుస్సేనీ ఆలమునుండి ఎడారికి

చార్మినారునకు పడమటగా, లాడ్‌బజారు గాజుల కొట్లను దాటి, 1892లో కట్టిన మహబూబ్ చౌక్ గడియారపు గోపురమును దాటి, మఱికొంత దూరము నడచినచో హుస్సేనీ ఆలమను పేట వచ్చును. ఇంకను ముందునకు బోయిన దూద్‌బౌలి, ఆపైన 1578లో మూసీమీద కట్టిన పురానాపూల్. ఈ పేటలో ఇసుక కనబడునది ఇల్లు కట్టుకొనువారి గుమ్మముల ముందరనే. ఒంటె కనబడునది ఏ పెండ్లి బారాతులోనో, లేక బక్రీదునకు ముందటి దినములలోనో. అట్టి చోట నివసించు నేను ఎడారిలో ఒంటె నెక్కుటను గూర్చి వ్రాయబూనుట కొందఱు సోదరీమణులకు వింతగ దోపవచ్చును. కాని నే నెఱిగినంతలో మన నగరమున ఎడారి మాట యింత తఱచుగ వినబడు పేట మఱియొకటి లేదు.

ఆలమనగా ధ్వజము. మన తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు ఎత్తుకొని తిరుగు పీరు ఎట్టిదో, ఆలమును అట్టిదే. ఇమాము హుస్సేను పేర నిలిపిన ఆలముగల ఆషూర్‌ఖానా యిచట నుండుటచే పేట కా పేరు వచ్చినది. అది కుతుబ్‌షాహీల కాలమునాటిదని చెప్పుదురు. పాత దేవిడీల గోడలు, పోనుపోను ఇఱుకగు గల్లీలు, పావురములు గుంపులుగ వ్రాలు కబూతర్‌ఖానా, సాయంకాలమున పుస్తకములు చేతబట్టుకొని స్త్రీల కళాశాలనుండి వెలువడు బాలికలు: ఇవి యీ పేటలో నిత్యము కానవచ్చు దృశ్యములు.

మొహర్రము మాసము తొలి పదిదినములలో మాత్రము పేట రూపమే మాఱిపోవును. ఎచట జూచినను నల్లని వస్త్రములు, నల్లని తెఱలు. వీధి మలుపులయందు బాటసారుల దప్పి దీర్చుటకు చలిపందిళ్లు వెలయును. వానిని సబీలు అందురు. క్రీస్తుశకము 680లో కర్బలా యెడారియందు ఇమాము హుస్సేనును, ఆయన బంధుమిత్రులను, నీరు దొరకకుండ నిరోధించి శత్రువులు చంపిరి. మిగిలిన స్త్రీలను, పిల్లలను బందీలుగ గొని కూఫానగరమునకును, అచటినుండి డమాస్కసునకును ఒంటెలపై దీసికొనిపోయిరి. ఆ స్త్రీలలో ముఖ్యురాలు హుస్సేను సోదరియగు జైనబు. తెఱ లేదు, అంబారీ లేదు, వట్టి ఒంటెల వీపులపై వారిని కూర్చుండబెట్టిరను ఘట్టమును మజ్లిసులలో జదువునపుడు ఆడువారి రోదనము గోడల కావలికి వినబడును. మేము హిందువులమే యయినను గోడ కివతలనుండి ఆ కథ నేటేట విన్నవారమే. అందుచేత మా పేటలో ఎడారి యనిన మొదట స్ఫురించునది ఇసుకకాదు, దాహము.

మా పొరుగింట నొక వృద్ధురాలు గలరు. పేటలో అందఱును ఆమెను ఖాలా యనియే పిలుతురు. ఆమె తల్లికి తల్లి 1920 ప్రాంతమున హజ్జుయాత్ర చేసివచ్చినదట. ఆ కాలమున హైదరాబాదునుండి రైలులో బొంబాయికి, బొంబాయినుండి పొగయోడలో ఎఱ్ఱసముద్రమునకు బోవలెను. దారిలో కమరాన్ ద్వీపమున అంటువ్యాధుల పరీక్షకై దించి నిలుపువారు. జిద్దా రేవున దిగిన పిమ్మట మక్కాకు ఒంటెయే శరణ్యము. దూరము డెబ్బది కిలోమీటర్లకు పైగా. దానికి రెండు రాత్రులు పట్టెడిది. మక్కానుండి మదీనాకు పది పండ్రెండు దినములు. స్త్రీలు కూర్చుండుటకు శుగ్‌దుఫ్ అను సాధన ముండెడిది. ఒంటెకు ఇరుప్రక్కల రెండు చిన్న నులకమంచములవంటివి వ్రేలాడగట్టి, పైన గుడారమువలె గుడ్డ గప్పుదురు. ఒక్కొక్క ప్రక్క నొక్కరు. ఇందొక చమత్కారము గలదు: ఇరువురును ఇంచుమించు సమానమైన బరువుగలవారై యుండవలెను, లేనిచో బరువైన ప్రక్కకు శుగ్‌దుఫ్ ఒరిగిపోవును. ఎక్కుటయు, దిగుటయు ఇరువురును ఒక్కమాఱే చేయవలెను. ఖాలాగారి అమ్మమ్మకు తోడుగ కూర్చున్న బంధువు బక్కపలుచని మనిషి యగుటచే ఆమె ప్రక్కను బియ్యపు మూట యొకటి కట్టిరని ఖాలా యిప్పటికిని నవ్వుచు చెప్పుదురు. భోపాలును పాలించిన సికందరు బేగము 1863-64లో ఈ దారినే పోయివచ్చి తన యాత్రను గ్రంథముగ వ్రాసినది. 1870లో దాని కాంగ్లానువాదము వెలువడినది. రాణియైనను, మా పొరుగింటి అమ్మమ్మయైనను ఒంటె ముందు ఒక్కటియే. ఇరువురును ఆ కుదుపులు పడినవారే.

గోడ కీవల నుండి ఈ కథలను నలువది నాలుగేండ్లుగ వినుచున్నవారు మా అత్తగారు. పదునెనిమిదవ యేట కోడలై ఈ గల్లీలో నడుగుపెట్టిరి. ఇప్పు డఱువది రెండు. ఆమె చేసిన ప్రయాణములన్నియు వ్రేళ్లమీద లెక్కింపవచ్చును: యాదగిరిగుట్ట, వేములవాడ, తిరుపతి, ఒక్కమాఱు కాశి. ప్రతిదానికిని ఏదో యొక మ్రొక్కు కారణము. ఒకటి మా మామగారి జబ్బు తగ్గినందుకు, ఒకటి కొడుకు ఉద్యోగమునకు, ఒకటి మనుమరాలి పుట్టువెండ్రుకలకు. మొన్న దీపావళి వెళ్లిన పిమ్మట ఒకనాడు పప్పు చెఱుగుచు, జైసల్మేరు పోయి ఒంటె నెక్కవలెనని యున్నదని బయటపెట్టిరి. ఇంటిల్లిపాదియు మొదట పరిహాస మనుకొంటిమి. అచట ఏ దేవుడున్నాడని మావారడిగిరి. "మొక్కు లేదు, ఏం లేదు బిడ్డా. చూడాలని ఉంది. అంతే" అనిరి.

ఆ యొక్క మాటతో ఈ ప్రయాణపు సన్నాహము మొదలైనది. అఱువదేండ్ల స్త్రీ తనకొఱకు మాత్రమే యొక కోరిక కోరుట మనయిండ్లలో ఎంత యరుదో పాఠక సోదరీమణులకు నేను చెప్పనక్కఱలేదు. అందుచేతనే వెంటనే నలువైపులనుండి నవ్వులును, హెచ్చరికలును వచ్చినవి. ఈ వయసున ఒంటె యేమిటనిరి. మోకాళ్ల నొప్పులవారు ఎడారి కేల యనిరి. మగతోడు లేక నలుగురాడువారు ఎట్లు పోదురనిరి. అత్తగారు, నేను, బడిలో పాఠములు చెప్పు మా ఆడబిడ్డ, కళాశాలలో జదువు మా అమ్మాయి, ఇదియే మా బృందము. కడపటి యాక్షేపణకు మా ఆడబిడ్డయే సమాధానము చెప్పినది: ఏటేట నూఱుమంది పిల్లలను విహారయాత్రకు గొనిపోయి, ఒక్కరిని గూడ పోగొట్టక తెచ్చుచున్న తనకు మువ్వురిని గొనిపోవుట యెక్కువ కాదట. మొదటి రెండును మాత్రము ఆలోచింపదగినవి. ఏలయన ఒంటె గుఱ్ఱమువంటిది కాదు.

తెలుగున ఒంటెకు లొట్టిపిట యని పాతపే రొకటి గలదు. నిఘంటువులలో దక్క నేడు వినబడదు. మూపురమున నీరు దాచుకొను నని మనము చిన్ననాడు విన్నమాట సరికాదు. దానిలో నుండునది క్రొవ్వు. నీటిని పొదుపుచేయుట దాని శరీరమంతటి యందును గల విద్య. పగటి వేడికి మనకువలె వెంటనే చెమర్పక తన దేహోష్ణమును సుమారు 34 డిగ్రీలనుండి 40 డిగ్రీలవఱకు పెఱుగనిచ్చి, రాత్రి చల్లదనమున ఆ వేడిని వదలుకొనును. దప్పిగొన్నపుడు ఒక్క పావుగంటలో నూఱు లీటర్ల నీరు త్రాగగలదు. ఇసుకగాలి వీచునపుడు ముక్కుపుటములను మూసికొనును. కనుఱెప్పలకు రెండు వరుసల వెండ్రుకలు గలవు. రెండు వ్రేళ్ల పాదము మెత్తని దిండువలె వెడల్పుగ విచ్చుకొనుటచే ఇసుకలో దిగబడదు. అడుగు వేయునపుడు ఒక ప్రక్క కాళ్లు రెండును ఇంచుమించు ఒక్కమాఱే సాగును. అందుచేతనే మీదివారు పడవలోవలె ఊగుదురు. ఈ యూగుట కొందఱికి కడుపులో త్రిప్పును. ఎక్కుటకు ముందు నిండుగ భోజనము చేయరాదు.

వయసు మీఱినవారికి అసలు ప్రమాదము నడకలో కాదు, ఎక్కుట దిగుటలలో గలదు. కూర్చున్న ఒంటె లేచునపుడు వెనుకకాళ్లు ముందుగ లేపును. మీదివారు ఒక్కపెట్టున ముందునకు తూలుదురు. వెంటనే ముంగాళ్లు లేచుటతో వెనుకకు పడబోవుదురు. కూర్చుండునపుడు ముంగాళ్లు ముందుగ మడచును గావున మరల ముందునకు తూలుదురు. ఒంటె లేచునపుడును, కూర్చుండునపుడును వీపును వెనుకకు వాల్చి జీను ముందుకొయ్యను రెండుచేతులతోడను గట్టిగ పట్టుకొనవలెను. మూపురము నేలకు రెండు మీటర్లకు పైగా నుండును. ఎముకలు గుల్లబారిన వయసున ఆ యెత్తునుండి పడుట యెట్టిదో చెప్పనేల? మా వైద్యుడు మోకాళ్ల పటములు చూచి, నడుము పరీక్షించి, అత్తగారు కాళ్లు చెఱియొక ప్రక్క వైచి కూర్చుండరాదని స్పష్టముగ జెప్పెను. గర్భవతులును, నడుము నొప్పి గలవారును ఎక్కరాదని కూడ చేర్చెను.

ఆ సాయంకాలము అత్తగారు అన్నము సగములో విడిచి లేచిరి. ఖాలాగారి గోడకడకు బోయి యేమి మాటలాడుకొనిరో తెలియదు. మఱునాడు ఖాలా నన్ను పిలిచి, శుగ్‌దుఫులో కూర్చుండినవారు మాత్రము ఒంటె నెక్కినవారు కారాయని యడిగిరి. ఆ ప్రశ్నయే మాకు దారి చూపినది. నేడు జైసల్మేరున శుగ్‌దుఫు లేదు గాని ఒంటెబండి గలదు. రాజస్థానమున ఇవి సర్వసామాన్యము. వెడల్పైన పలకబల్లకు క్రింద పాత విమానముల రబ్బరు చక్రములను బిగింతురు. అవి లావుగ నుండుటచే ఇసుకలో కూరుకొనిపోవు. బల్లమీద పఱుపు వేసికొని కాళ్లు చాపి కూర్చుండవచ్చును, తూలుట లేదు. అత్తగా రొప్పుకొనిరి గాని ఒక షరతు పెట్టిరి: బండి ఇసుకమీదనే నడువవలెను, తారురోడ్డుమీద నడచిన తాను దిగి నడచిపోవుదురట. మనుమరాలి ఒంటె బండి ప్రక్కనే నడువవలెనన్నది రెండవ షరతు.

ఇక పోవలసిన చోటు. థారు ఎడారి మన దేశమునను, పాకిస్తానమునను కలిపి సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు వ్యాపించి యున్నది. అదంతయు ఇసుకదిబ్బలే యనుకొనుట పొరపాటు. రాళ్లనేలయు, తుప్పలును, పల్లెలును ఎక్కువ. జైసల్మేరు నగరమును 1156లో రావల్ జైసల్ అనురాజు స్థాపించెను. పసుపువన్నె రాతికోటలో ఇప్పటికిని కాపురము లున్నవి. అచటినుండి దిబ్బలను జూడబోవువారికి ముఖ్యముగ రెండు తావులు గలవు. పడమట నలువది కిలోమీటర్ల దూరమున సమ్. నైరృతి మూల ఏబదికి కొంచెము లోపుగ ఖూరీ. సమ్ దిబ్బలు పెద్దవి, పేరుపొందినవి. అందుచేతనే సాయంకాలమున అచట తిరునాళ్ల సందడి: వరుసలుగ ఒంటెలు, ఇసుకలో దూకు జీపులు, గుడారములలో చెవులు బద్దలగు పాటలు. ఎడారికి బోయి నిశ్శబ్దము వినకుండ వచ్చుట నాకు నచ్చలేదు. మా యమ్మాయికి సమ్‌మీద మనసున్నది, ఫొటోలు బాగుగ వచ్చునట. ఓట్లు తీసికొనగా ఖూరీకి మూడు వచ్చినవి. ఖూరీ పల్లెటూరు. మట్టిగోడల పూరిళ్లలో బస దొరకును, దిబ్బలు ఊరి చెంతనే.

దిబ్బల స్వభావము కొంచెము తెలిసియుండుట మంచిది. గాలి వచ్చువైపున దిబ్బ మెల్లగ ఏటవాలుగ లేచును; ఆవలి వైపున ఇసుక జాఱిపడి నిటారుగ నుండును. ఒంటె నెప్పుడును ఏటవాలు వైపుననే ఎక్కింపవలెను. నిటారు వైపున దిగగోరువారు ఒంటెదిగి, చెప్పులు చేతబట్టుకొని తామే జాఱుట మేలు. గాలి మాఱినకొలది దిబ్బలును కదలుచుండును.

కాలము విషయమున వాదము లేదు. వేసవిలో అచట 45 డిగ్రీలు దాటును. అక్టోబరునుండి మార్చివఱకు యాత్రాకాలము. మాఘ పూర్ణిమకు ముగియునట్లుగ జైసల్మేరున మూడు దినములు మరుభూమి ఉత్సవము జరుగును. ఒంటెల యలంకారము, తలపాగ చుట్టుటలో పోటీలు, మాంగణియారు గాయకుల పాటలు అందుండును. మేము వెన్నెల కొఱకు మాఘమాసమునే యెన్నుకొంటిమి. అయితే పూర్ణిమకు నాలుగు దినములు ముందుగ పోయి, ఉత్సవపు గుంపు చేరకముందే ఖూరీనుండి మరలునట్లు చూచుకొంటిమి. జనవరి రాత్రులలో చలి 8 డిగ్రీలకు దిగును, ఒక్కొక్క రాత్రి అంతకంటెను తగ్గును. సంవత్సరమున ఎనిమిదివందల మిల్లీమీటర్ల వాన గురియు హైదరాబాదు మనది; రెండువందలైన గురియని ఊరు జైసల్మేరు. తేమలేని గాలిలో పగలు తొందరగ వేడెక్కును, రాత్రి తొందరగ చల్లారును. పగటికి నూలువస్త్రములు, రాత్రికి ఉన్ని శాలువలు రెండును కావలెను.

చలికాలమున మఱియొక విశేషము గలదు. అది మగ ఒంటెలకు మదకాలము. మదించిన ఒంటె పండ్లు కొఱుకును, నోట నురుగు గార్చును, గుడగుడ శబ్దముతో గులాబి వన్నె తిత్తివంటి దానిని నోటి ప్రక్కనుండి వెలికి వ్రేలాడవైచును. అట్టిదానిని చూచి పిల్లలు ముచ్చటపడి దగ్గఱకు బోవుదురు, పోనీయరాదు. నురుగు గార్చు ఒంటెను మాకు తెచ్చిన, వేఱొకటి తెమ్మని నిర్మొగమాటముగ చెప్పవలెనని ఆడబిడ్డ తన పుస్తకములో వ్రాసికొన్నది.

ఆ పుస్తకములోనే ఒంటె నడుపునతనిని అడుగవలసిన ప్రశ్నలును, చూడవలసిన గుర్తులును గలవు. జీను క్రింద పుండ్లున్నవా? ముక్కుపుల్ల చుట్టు గాయ మున్నదా? కుంటుచున్నదా? నీళ్లెప్పుడు త్రాగినది? ఒక్కొక్క ఒంటెపై ఇరువురిని ఎక్కించు నలవాటున్నచో మేము వేర్వేఱుగ ఎక్కెదమని ముందే చెప్పవలెను. కాళ్లుంచుకొనుటకు ఆధారము లేకున్న గంట గడచునప్పటికి తొడలు తిమ్మిరెక్కును గావున రికాబులు అడుగవలెను. సవారీ గంటసేపే. రెండు దినముల ప్రయాణమని, రాత్రి దిబ్బలలో నిదురయని ఊరించు ప్రకటనలు పెక్కు గలవు. ఎన్నడును ఎక్కనివారికి గంట చాలును. ఒంటె గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడచును, అంతలోనే ఊరు కనుమఱుగగును. అదియు సాయంకాలము కాదు, తెల్లవాఱుజామున. అస్తమయమునకు అందఱును వత్తురు. ఉదయమునకు లేచువారు తక్కువ. రాత్రి గాలి ఇసుకమీద క్రొత్తగ గీసిన యలల గీతలు అపుడు చెదరక యుండును, పురుగుల యడుగుజాడలతో సహా. వెల ముందుగనే నిర్ణయించుకొని వ్రాసికొని, సొమ్ము సాధ్యమైనంతవఱకు ఒంటె యజమాని చేతికే యీయవలెను. నడుమ ముగ్గురు నలుగురు చేతులు మాఱినచో కడపట మేతకు మిగులునది స్వల్పము.

ఈ కడపటిమాట దయకు మాత్రమే చెప్పినది కాదు. మన దేశమున 2012 పశుగణనలో ఒంటెలు నాలుగు లక్షలు. 2019లో రెండున్నర లక్షలు. ట్రాక్టరు వచ్చి దుక్కిని, లారీ వచ్చి బరువును తీసికొన్నవి, మేతబీళ్లు తఱుగుచున్నవి. రాజస్థానము 2014లో ఒంటెను రాష్ట్రమృగముగ ప్రకటించి, 2015లో దాని వధను నిషేధించి, రాష్ట్రము వెలుపలికి గొనిపోవుటను కట్టుబాటు చేయుచు శాసనము చేసినది. ఆడ ఒంటె పదుమూడు నెలలు గర్భము మోయును. ఈతకును ఈతకును రెండేండ్ల యెడము. తఱిగిన మంద త్వరగ పెఱుగదు. తరతరములుగ ఒంటెలను పెంచువారు రైకా కులమువారు. పార్వతీదేవి ఒకనాడు మట్టితో ఐదుకాళ్ల మృగమును చేసినదట. అది నడువలేకపోగా శివుడు ఐదవ కాలిని పైకి త్రోసి మూపురము గావించెనట. దానిని మేపుటకు మనుజుడు కావలసి మొదటి రైకాను సృజించెనట. మా అత్తగారి కీ కథ యెంతయు నచ్చినది. పనికిరానిదని పాఱవేయక మూపురముగ త్రోసిన శివుడు మంచి సంసారియని ఆమె యభిప్రాయము.

ఖూరీ ప్రాంతమునకు చేరువనే ఎడారి జాతీయవనము గలదు. అచట మిగిలిన బట్టమేక పిట్ట మన దానికి చుట్టమే. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడు గడ్డిబీళ్లలో దానికొఱకు 1988లో అభయారణ్య మేర్పఱచిరి. ఏండ్లు గడచుచున్నవి, అచట నిపుడది కనబడుట లేదు. జైసల్మేరున దూరమునుండియైన కనబడునేమో యని దూరదర్శిని పెట్టెలో బెట్టితిమి.

ప్రయాణ సాధనమునకు వత్తును. 2025 జూలైలో కాచిగూడనుండి జోధపురమున భగత్ కీ కోఠీ స్టేషనునకు నేరుగ రైలు వేసిరి. అందు రెండు రాత్రులు గడుపవలెను. జోధపురమున ఒకనాడు విశ్రమించి, అచటినుండి జైసల్మేరునకు మఱియొక రైలు. ఇప్పుడు అఱువది దినములకు ముందు మాత్రమే టిక్కెట్లు తీసికొన వీలగును గావున ఆ దినమును పంచాంగములో ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టితిమి. నలుబదియైదేండ్లు దాటిన స్త్రీలకు క్రింది బెర్తు లిచ్చు ఏర్పా టొకటి యున్నది. వయసు దాచుకొనువారికి నష్టమే.

దుస్తుల విషయమున చిన్న వివాద మయినది. చీరతో ఒంటె నెక్కుట కష్టము. కుచ్చెళ్లు జీనున జిక్కుకొనును. మా యమ్మాయి, ఆడబిడ్డ చుడీదార్లు ధరింతురు. నేను మా పుట్టింటి పెద్దలవలె కాసెకట్టు కట్టుకొందు నంటిని. అది గుఱ్ఱపుసవారీకి పనికివచ్చిన కట్టు, ఒంటెకు పనికిరాకపోవునా? జీనుమీద పఱచుకొనుటకు పాతచీరల బొంత యొకటి చాలును. తలకును ముఖమునకును చుట్టుకొనుటకు పలుచని నూలుగుడ్డ. లక్కగాజులు తీసివేయవలెనని చెప్పగా అత్తగారు వినలేదు. లాడ్‌బజారు గాజులు జయపురపు గాజులకు తీసిపోవని అచటివారికి చూపింతురట. బూటులలో రాత్రి తేళ్లు చేరవచ్చును, తెల్లవాఱి దులుపుకొనవలెను. ప్లాస్టిక్కు సంచులు ఎడారిలో పాఱవేయరాదు. ఒంటెలు వానిని మేసి చచ్చుచున్నవి. పల్లెనుండి బయలుదేరుటకు ముందే స్నానపుగది పని ముగించుకొనవలెను, దిబ్బలలో చాటు దొరకదు. ఇట్టివి ఏ ప్రకటనలోను వ్రాయరు, ఆడువారికి ముందు కావలసినవి ఇవియే.

ఖాలా మాకు ఇచ్చినది ఒక్కటే హెచ్చరిక. ఒంటెను ఆటవస్తు వనుకొనవలదనిరి. నీళ్లు మీకు చాలునన్నంత తీసికొని, మఱియొక సీసా ఎవరికైన ఇచ్చుటకు వేఱుగ నుంచుకొమ్మనిరి. మనిషికి మూడు లీటర్లు, ఆపైన నొకటి, అని ఆడబిడ్డ పుస్తకములో దిద్దినది.

సామానుల పట్టిక ముగిసినదనుకొనుచుండగా బేగంబజారు మార్వాడీ సేఠు భార్య ఒంటెలకు బెల్లమిష్టమని, తమ దేశమున చలికాలమున పెట్టుదురని చెప్పినది. అంతట అత్తగారు రెండుకిలోల కామారెడ్డి బెల్లము తెప్పించి, ముక్కలు కొట్టించి, డబ్బాలో బోసిరి. ఒంటె నడుపునతని నడిగి, అతడు పెట్టుమన్నంతయే పెట్టవలెను గాని ఎక్కువ పెట్టరాదని చెప్పితిని. "సరే బిడ్డా, మిగిలింది రైల్ల మనమే తింటం" అని మూత బిగించిరి.